బండి కొంటున్నావట, మరి తాళం సంగతి?

బిడ్డా,

ఎలక్ట్రిక్ బండి బుక్ చేశావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో ఆడపిల్ల సొంత జీతంతో బండి కొనడం ఇదే మొదటిసారి, ఆ మాట మీ పెద్దమ్మకు చెప్పబోతే నాకు నోట మాట సరిగ్గా రాలేదు. సంతోషమంతా రాత్రి పడుకునేదాకే. పడుకున్నాక మొదలైంది, ఈ పిల్ల బండి ఎక్కడ పెడుతుంది, ఏం తాళం వేస్తుంది, నైట్ డ్యూటీ రోజు తెల్లారేదాకా బండి దవాఖాన బయటే ఉంటుంది గదా అని. దేవరకొండలో అన్నేళ్లు ఇనుప సామాను దుకాణం నడిపినవాణ్ణి, తాళాలు అమ్మే బతికినవాణ్ణి, చెప్పకుండా ఉండలేను. వాట్సాప్‌లో పంపుతున్నా గానీ ఉత్తరమనే అనుకో, సగం చదివి బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోకు.

హ్యాండిల్ లాక్ ఎప్పుడూ వేయి, కానీ దాన్ని తాళాల లెక్కలో కలపకు. బలమైనవాడు హ్యాండిల్ పట్టుకుని గట్టిగా ఒక్క గుంజు గుంజితే లోపలి పిన్ను ఊడి వస్తుంది. రిమోట్ నొక్కితే కుయ్యికుయ్యిమని అరిచే అలారం ఉంటుంది, మన గల్లీల్లో అరవని బండి ఏది, ఎవరు లేచి చూస్తారు? షోరూంలో ఇంకోటి చూపిస్తారు, లాక్ చేస్తే మోటారు ఉన్న వెనక చక్రం బిగుసుకుంటుంది, ఎవడూ నెట్టుకుపోలేడని. నిజమే, నెట్టుకుపోలేడు. ఎత్తుకుపోతాడు. నువ్వు కొనే బండి బరువెంత, ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టి ట్రాలీ ఆటోలోకి లేపేంత.

గంటకు 25 కిలోమీటర్లు దాటదు, మోటారు 250 వాట్లలోపు, కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్స్ అక్కర్లేదు అని షోరూం వాళ్లు చెప్పారట. మీ అమ్మ అదేదో బంపర్ ఆఫర్ లాగ చెప్పింది. నాకైతే గుండె గుభేలుమంది. నంబర్ ప్లేటే లేని బండి పోతే పోలీసులు దేన్ని పట్టుకుని వెతుకుతారు తల్లీ? అందుకని డెలివరీ తీసుకున్న రోజే చాసిస్ నంబరు, మోటారు నంబరు, బ్యాటరీ మీది నంబరు మూడూ బిల్లులో రాయించు. ఫోటోలు తీసి నాకు ఒక కాపీ పంపు. ఇన్సూరెన్స్ కూడా ఈ బండికి తప్పనిసరి కాదంటారు, అయినా దొంగతనానికి వర్తించే పాలసీ దొరుకుతుందేమో అడుగు. థర్డ్ పార్టీ అని సగం ధరకు అంటగడితే తీసుకోకు, అది ఎదుటివాడికి తగిలిన దెబ్బకే గానీ పోయిన బండికి పైసా ఇవ్వదు.

ఇప్పుడు మీ నాయన సంగతి చెప్పాలి. ఆయన చెప్పడు, నేను చెప్పానని తెలిస్తే అలుగుతాడు, అయినా చెబుతా.

నువ్వు అంగన్‌వాడీకి పోయే రోజులు. మీ నాయన కిస్తీల మీద కొత్త స్ప్లెండర్ కొన్నాడు, నల్ల బండి, ఎర్ర గీతలు. ఇంట్లోకి తేకముందే నా దుకాణానికి వచ్చి, "అన్నా, నీ దగ్గరున్న వాటిలో మందమైన గొలుసు ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. దానికి తగ్గ తాళంకప్ప కూడా మంచిదే ఇచ్చాను. ఆ గొలుసు భుజం మీద వేసుకుని నడుస్తుంటే పెళ్లికొడుకు లాగ ఉన్నాడు. ఆ నెల అమావాస్యకు మీ అమ్మను ఎక్కించుకుని చెర్వుగట్టు గుడికి పోయాడు. అమావాస్య రాత్రి గుట్ట మీద జనం ఎట్లా ఉంటారో నీకు తెలుసు, కింద చెలకల్లో బండ్లు పెట్టుకోవడమే. ఒక చాయ్ హోటల్ వాడు షామియానా వేశాడు, దానికి నాలుగు ఇనుప పైపులు పాతాడు. మీ నాయన బండిని ఆ పైపు దగ్గర నిలబెట్టి, గొలుసు చక్రంలోంచి తీసి, ఫ్రేమ్ చుట్టూ తిప్పి, పైపుకు చుట్టి, తాళం వేసి రెండుసార్లు గుంజి చూశాడు. గుంజింది గొలుసును. పైపును ఊపి చూడలేదు.

తెల్లారి దర్శనం చేసుకుని దిగితే షామియానా ఉంది, పైపు ఉంది, బండి లేదు. తెగిన ముక్క లేదు, విరిగిన తాళం లేదు, గొలుసే లేదు. మొదట జాగ మరిచిపోయానేమో అనుకుని చెలకంతా తిరిగాడట. మళ్లీ అక్కడికే వచ్చి పైపు మీద చెయ్యి వేస్తే అది కదిలింది. పాతింది జానెడు లోతు, చుట్టూ మన్ను లూజుగా ఉంది. దొంగలు పైపును పైకి లేపి, గొలుసును కింది నుంచి జార్చి తీసుకుని, పైపును మళ్లీ గుంతలో నిలబెట్టి మన్ను తొక్కిపోయారు. వాళ్ల పొందిక చూడు! తాళాన్ని ఎవరూ ముట్టుకోలేదు, గొలుసుతో సహా బండిని లేపుకుపోయారు, ఇంటికి పోయాక తీరుబడిగా కోసుకుని ఉంటారు.

అక్కడితో అయిపోలేదు. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ అయింది, ఇన్సూరెన్స్ ఉందిలే అని ధైర్యం చెప్పుకున్నాం. వాళ్లు అడిగిన మొదటి మాట, బండి ఒరిజినల్ తాళంచెవులు రెండూ తెమ్మని. రెండోది ఎక్కడుంది? బండి సైడు డబ్బాలో ఉంది, కాగితాలతో పాటు! భద్రంగా ఉంటుందని అక్కడ పెట్టాడు మహానుభావుడు. తిరగ్గా తిరగ్గా చెప్పులు అరిగాయి తప్ప పైసలు రాలేదు. లేని బండికి కిస్తీలు కట్టుకుంటూ బస్సులో తిరిగాడు మీ నాయన. మీ అమ్మ కమ్మలు ఆ ఏడాదే కుదువకు పోయాయి. ఇప్పటికీ ఎక్కడ బండి ఆపినా పక్కనున్న స్తంభాన్ని పట్టుకుని ఒకసారి ఊపుతాడు, నువ్వూ మీ తమ్ముడూ చూసి నవ్వుతారు గదా. ఇక నవ్వకండి.

కాబట్టి ముందు దేనికి కడుతున్నావో చూడు, ఆ తర్వాతే తాళం. పొట్టి స్తంభమైతే పై నుంచి గొలుసు ఎత్తేస్తారు. బోర్డు పాతిన రాడ్ అయితే బోర్డు ఊడదీస్తారు. పక్క బండికి కట్టావంటే రెండూ పోతాయి. కాంక్రీటులో పాతుకుపోయిన రెయిలింగు గానీ, మెట్ల పక్క మందపు గ్రిల్లు గానీ వెతుకు. నువ్వు ఉండే పోర్షన్‌లో అలాంటిది లేకపోతే మీ ఓనర్‌తో నేను మాట్లాడతా, వరండా గచ్చులో ఒక ఇనుప కడియం సిమెంటు పోసి బిగిస్తే పూట పని.

తాళం ఎంచడం దగ్గరికి వస్తే, ప్లాస్టిక్ తొడుగు వేసిన కేబుల్ తాళం కొనకు. రంగులు బాగుంటాయి, లోపల సన్నటి తీగల పేట, కటింగ్ ప్లేయర్ పెద్దదైతే పుటుక్కుమంటుంది. నా లాంటి దుకాణాల్లో కిలోల లెక్కన అమ్మే గొలుసు కూడా వద్దు, అది బర్రెను కట్టడానికి పనికొస్తుంది. పరీక్ష చెబుతా విను. ఒక ఆకురాయి పట్టుకుపో. గొలుసు మీది పూత గీకి, లింకు అంచున ఆకురాయి ఒకసారి లాగు. కొరికి తెల్లటి మెరుపు గీత పడితే మెత్తని ఇనుము, బోల్ట్ కట్టర్‌కు పాలకోవా. ఆకురాయి పట్టు దొరక్క సర్రున జారిపోతే గట్టిపరిచిన ఉక్కు. ఆన్‌లైన్‌లో కొని గీశాక రిటర్న్ తీసుకుంటారా అంటావు, తీసుకోరు, అందుకే దుకాణానికి పోయి కొనమంటున్నా. లింకు మందం 12 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. యూ లాక్, అంటే ఇంగ్లీషు U అక్షరంలా వంగిన ఉక్కు కడ్డీ తాళం, అయితే కడ్డీ 14 మిల్లీమీటర్లు ఉండాలి, కడ్డీ రెండు కొనలూ విడివిడిగా బిగిసేది చూడు. అప్పుడు ఒక చోట కోస్తే ఊడి రాదు, రెండు చోట్ల కోయాలి. ఇంగ్లండ్‌లో సోల్డ్ సెక్యూర్ అనే సంస్థ తాళాలను విరగ్గొట్టి చూసి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని గ్రేడు ఇస్తుంది, డబ్బా మీద అది ఉంటే ఇంకా మంచిది. గ్రైండర్‌కు ఏ తాళమూ ఆగదు, కానీ గ్రైండర్ మోత, నిప్పురవ్వలు నలుగురూ తిరిగే చోట దాగవు, అందుకని మూలకు కాకుండా మనుషుల కళ్ల ముందు పెట్టు.

తాళంచెవి గుండ్రటి గొట్టంలా ఉంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించు. అమెరికాలో క్రిప్టోనైట్ అని పేరున్న యూ లాకుల కంపెనీ ఉంది, 2004లో వాళ్ల ఖరీదైన తాళాలే బాల్‌పెన్ను గొట్టం దూర్చి తిప్పితే తెరుచుకున్నాయి, కంపెనీ తాళాలు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. డిస్క్ లాక్, అదే చక్రం బ్రేకు రేకుకు వేసే చిన్న తాళం, వేస్తానంటే వేయి, అదనంగా మాత్రమే, అదీ హ్యాండిల్‌కు రంగు తీగ తగిలించుకుని. మరిచిపోయి బండి తీశావంటే ముందుకు పల్టీ కొడతావు. నంబరు తాళాలు నాకు ముందునుంచీ నచ్చవు.

నీ పద్ధతి ఇట్లా పెట్టుకో. బరువు గొలుసు రోజూ మోయలేవు, దాన్ని దవాఖాన రెయిలింగుకే వదిలేయి, తాళం వేసి. డిక్కీలో యూ లాక్ ఉంచుకో. రెండూ పడితే దొంగకు రెండు రకాల పనిముట్లు కావాలి. గొలుసు నేల మీద వేలాడనీయకు, నేలకు ఆనిందంటే సుత్తెకు దిమ్మె దొరికినట్టే. తాళంరంధ్రం కిందికి ఉండాలి. నీ వెనక చక్రంలోనే మోటారు, దాని వైరు ఇరుసు పక్క నుంచి వస్తుంది, గొలుసు దాని మీద పడి నలగకుండా చూడు. తాళంలో నూనె పోయకు, మన నల్లగొండ దుమ్ము నూనెకు అంటుకుని బంక అవుతుంది. పెన్సిలు ములుకు పొడి ఊదు. గొలుసుకు గుడ్డ తొడుగు ఉండాలి, లేకపోతే మే నెల ఎండకు చెయ్యి కాలి "ఈ ఒక్కరోజుకు ఏం కాదులే" అంటావు, నీ సంగతి నాకు తెలియదా.

బండికంటే నాకు ఎక్కువ టెన్షన్ నీ గురించే. రాత్రి డ్యూటీ దిగి, ఒక చేత్తో ఫోన్ లైటు, ఒక చేత్తో తాళంచెవి పట్టుకుని బండి పక్కన వంగి కూర్చుంటావు చూడు, ఆ కాసేపు నీ వెనక ఎవరున్నారో నీకు తెలియదు. అందుకే తాళం నడుము ఎత్తులో పడాలి, లైటు కింద పడాలి. ఇంట్లో కళ్లు మూసుకుని తీయడం, వేయడం అలవాటు చేసుకో, నవ్వొచ్చినా సరే. బండి దగ్గర తెలియనివాళ్లు నిలబడి ఉంటే అటు పోనే పోకు, లోపలికి తిరిగి వచ్చి సెక్యూరిటీ అన్నను తోడు పిలువు. ఎవడైనా మీదికొస్తే తాళంచెవి వాడి ముఖాన కొట్టి నువ్వు పరుగెత్తు. బండికి నేను డబ్బు పంపుతా.

రెండో తాళంచెవి మీ అమ్మ బీరువాలో పెట్టు. డిక్కీలో కాదు!

బ్యాటరీ ఊడదీసే రకమే కదా. బండి ధరలో పెద్ద వాటా దానిదే, దాని మీద కంపెనీ పెట్టే తాళం మాత్రం సూట్‌కేసు తాళమంత. ఎక్కువసేపు బండి ఆపేటప్పుడు తీసి లోపలికి తీసుకుపో, బరువుగానే ఉంటుంది, మీ ఇన్‌చార్జి సిస్టర్‌ను అడిగి వార్డులో ఒక మూల జాగ అడుక్కో. రూంలో చార్జింగ్ పెట్టేటప్పుడు తలుపు దగ్గర గానీ మంచం పక్కన గానీ పెట్టకు, పడుకునే ముందు తీసేయి, చార్జరు బండితో వచ్చిందే వాడు. ఆ ప్లగ్గు పాయింటు గురించి ఓనర్‌ను అడిగావో లేదో మీ అమ్మకు తెలియదట. రేపు పొద్దున్నే అడిగి నాకు ఫోన్ చేయి.

మీ పెద్దనాయన