గోడ టీవీ వెనుక వైర్లకు దారి

ఈ నెల అందిన ఉత్తరాలలో చాలావరకు ఒకే విషయం గురించి వచ్చాయి. టీవీని గోడకు బిగించిన తరువాత దాని కింద వేలాడే వైర్లను ఏం చేయాలని పాఠకులు అడుగుతున్నారు. వాటిలో నాలుగు ఉత్తరాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మేము హనుమకొండ గోపాల్‌పూర్‌లో ఇల్లు కట్టుకుంటున్నాము. ఇటుక పని పూర్తయింది, వచ్చే వారం గిలాబు మొదలవుతుంది. హాల్లో 55 అంగుళాల టీవీని గోడకు బిగించాలని ఉంది. ఒక్క వైరు కూడా కనిపించకూడదని మా అమ్మాయి పట్టుబడుతోంది. ఒక ఇంచు పైపు వేసి, సెట్ టాప్ బాక్స్ నుంచి టీవీకి బొమ్మను, ధ్వనిని తెచ్చే హెచ్‌డీఎంఐ వైరును ఇప్పుడే అందులో పెట్టి మూసేస్తే చాలని ఎలక్ట్రీషియన్ అంటున్నారు. అలా చేయవచ్చా?

జవాబు: అమ్మా, గిలాబుకు ముందే అడిగి మంచి పని చేశారు. పైపు వేయాలన్న మీ ఎలక్ట్రీషియన్ మాట సరైనదే కానీ, ఒక ఇంచు పైపు చాలదు. ఒక ఇంచు అంటే 25 మిల్లీమీటర్లు, అది పైపు బయటి కొలత. లోపలి ఖాళీ అంతకంటే తక్కువగా ఉంటుంది. హెచ్‌డీఎంఐ వైరు సన్ననిదే అయినా, దాని కొసన ఉండే ప్లగ్గు తొడుగుతో కలిపి దాదాపు 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, పైగా అది వంగదు. తిన్నగా ఉన్న పైపులో ఎలాగో దూరినా, మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇరుక్కుంటుంది.

మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఇల్లు కట్టినప్పుడు ఒక ఇంచు పైపులో వైరు పెట్టించి గిలాబు చేయించాము. కొన్నేళ్లకు తెర మీద బొమ్మ రావడం ఆగిపోయింది. టీవీ బాగుంది, సెట్ టాప్ బాక్స్ బాగుంది, గోడలోని వైరు పాడైంది. పాత వైరు కొసకు కొత్తదాన్ని కట్టి కింది నుంచి లాగితే జానెడు కదిలి ఆగిపోయింది, ఎంత లాగినా మళ్లీ కదలలేదు. చివరకు రంగులు వేసిన గోడను ఉలితో రెండడుగుల మేర కొట్టించాము. పైపును మూల తిప్పే ఎల్బో ముక్కలో ప్లగ్గు అడ్డం తిరిగి బిగుసుకుని ఉంది, నల్లని తొడుగు మీద పైపు అంచు గీసిన తెల్లని గీత స్పష్టంగా కనిపించింది. ఆ గోడకు తరువాత ఎన్నిసార్లు లప్పం పెట్టించినా, పక్క నుంచి వెలుతురు పడినప్పుడు అతుకు తెలుస్తూనే ఉంటుంది. అందుకే ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. గోడలో వైరును పాతిపెట్టవద్దు, వైరు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లి రాగలిగే దారిని ఉంచండి.

ఆ దారి కోసం 50 మిల్లీమీటర్ల పీవీసీ పైపు వేయించండి. పై కొస టీవీ వెనుక, కింది కొస సెట్ టాప్ బాక్స్, రౌటర్ పెట్టే అల్మారా వెనుక తెరుచుకోవాలి. రెండు కొసల దగ్గరా ఎల్బో బదులు నిదానంగా తిరిగే లాంగ్ బెండ్ వాడమనండి. పైపు మూసేముందు అందులో ఒక నైలాన్ తాడు వేసి, రెండు కొసలా మూరెడు మిగిల్చి ముడి వేయించండి. రేపు ఏ వైరు వేయాలన్నా ఆ తాడే లాగుతుంది. ఒక వైరును లాగేటప్పుడు దానితోపాటు ఇంకొక తాడును కూడా లాగి ఉంచితే దారి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

ఇక్కడ గోడ మందం ముఖ్యం. మీ టీవీ గోడ 9 అంగుళాలదైతే 50 మిల్లీమీటర్ల గాడిని నిలువుగా కొట్టడం వల్ల ఇబ్బంది లేదు. అదే నాలుగున్నర అంగుళాల గోడ అయితే, అంటే దాదాపు 115 మిల్లీమీటర్లదైతే, అంత లోతు గాడి గోడను సగం వరకు తినేస్తుంది. అప్పుడు గోడ జోలికి పోకుండా, టీవీ వెనుక భాగంలో గోడకు రెండు మూడు అంగుళాలు ఎడంగా ప్లైవుడ్ ప్యానెల్ కట్టించి, పైపును ఆ సందులో దింపడం మేలు. గాడి ఎక్కడ కొట్టినా అడ్డంగా కొట్టనివ్వకండి. గాడి పూడ్చిన చోట చికెన్ మెష్ అనే సన్నని ఇనుప జాలి పరిచి గిలాబు చేయిస్తే తరువాత పగుళ్లు రావడం తగ్గుతుంది.

కరెంటు సంగతి వేరు. టీవీతో వచ్చిన కరెంటు వైరును గోడలోకి దింపడానికి కొందరు దాని ప్లగ్గు కోసి, లోపల టేపు చుట్టి అతుకు వేస్తారు. దయచేసి ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. బయట వాడడానికి చేసిన మెత్తని వైరు అది, దాన్ని గోడలో పాతకూడదు. అతుకు వదులైతే వేడెక్కుతుంది, గోడ లోపల జరిగేది కంటికి కనిపించదు. టీవీ వెనుకనే ఒక 6 ఆంపియర్ల సాకెట్ పెట్టించి, స్విచ్ బోర్డు నుంచి దాని వరకు విడిగా 20 మిల్లీమీటర్ల పైపులో 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్లు, ఎర్తుతో సహా, వేయించండి. 55 అంగుళాల ఎల్ఈడీ టీవీ సాధారణంగా 100 నుంచి 150 వాట్లు తీసుకుంటుంది, 230 వోల్టుల దగ్గర అది ఒక ఆంపియరుకు కూడా తక్కువే. కరెంటు వైర్లను, హెచ్‌డీఎంఐ, డిష్ వైర్లను ఒకే పైపులో కలపకూడదు. బొమ్మ చెదురుతుందన్న భయం కంటే, కరెంటు వైరు పైపొర ఎక్కడైనా చీలితే 230 వోల్టులు పక్క వైరు గుండా టీవీలోకి, దాన్ని ముట్టుకున్న మనిషిలోకి పోతాయన్నది అసలు కారణం.

సాకెట్ చోటును కొలిచి నిర్ణయించండి. గోడకు ఆనించి బిగించే స్టాండులో టీవీకి, గోడకు మధ్య సందు తక్కువ. మామూలు మూడు పిన్నుల ప్లగ్గు దాదాపు రెండు అంగుళాలు ముందుకు పొడుచుకొస్తుంది కనుక టీవీ వెనుక భాగాన్ని తాకుతుంది. చాలా టీవీలకు పై సగం పలచగా, కింది సగం లావుగా ఉంటుంది. అందువల్ల సాకెట్‌ను పై సగం వెనుక, స్టాండు పట్టీలకు తగలని చోట పెట్టించండి. దాని స్విచ్ మాత్రం చేతికి అందే బోర్డులో, బయట ఉండాలి. సోఫాలో కూర్చున్నవారి కంటి ఎత్తు నేల నుంచి సుమారు 42 అంగుళాలు ఉంటుంది, తెర మధ్యభాగం ఆ ఎత్తున వస్తే మెడ నొప్పి పుట్టదు. ఆ లెక్కన సున్నంతో గోడ మీద టీవీ దీర్ఘచతురస్రం గీయించి, పైపు నోరు, సాకెట్ అందులోనే పడుతున్నాయో లేదో చూసుకున్న తరువాతే గాడి కొట్టించండి. అన్నీ మూసేముందు కొలత టేపు గోడకు ఆనించి ఫోనులో ఫోటోలు తీసి పెట్టుకోండి. టీవీ స్టాండుకు డ్రిల్లు వేసే రోజున కరెంటు పైపు ఎక్కడుందో అవే చెబుతాయి.

ప్రశ్న: కాజీపేటలో అద్దె ఇంట్లో ఉంటున్నాము. మేకు కొట్టినా ఇంటివారు ఒప్పుకోరు. టీవీ స్టాండుకు మాత్రం ఎలాగో అనుమతి ఇచ్చారు. వైర్లు చీపురు కట్టలా వేలాడుతున్నాయి.

జవాబు: వైర్లను కప్పి ఉంచే ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ తెచ్చుకోండి. ఎలక్ట్రికల్ దుకాణంలో కేసింగ్ కేపింగ్ అని అడిగితే ఇస్తారు. అడుగు పట్టీని రెండు వైపులా అంటుకునే టేపుతో గోడకు అతికించి, వైర్లు పరిచి, పై మూత నొక్కితే సరిపోతుంది. అంటించేముందు గోడ దుమ్ము తుడిచి ఆరనివ్వండి, సున్నం గోడ మీద ఆ టేపు నిలవదని గుర్తుంచుకోండి. పట్టీ టీవీ మధ్య నుంచి తిన్నగా నిలువుగా దిగాలి, ఐమూలగా పోతే వేలాడే వైర్ల కంటే వికారంగా ఉంటుంది. గోడ రంగే పట్టీకీ వేస్తే దూరానికి తెలియదు. మిగిలిన కరెంటు వైరును బిగుతుగా చుట్ట చుట్టి కట్టవద్దు, వదులుగా మడిచి వెల్క్రో పట్టీ చుట్టండి. ప్లాస్టిక్ టై బిగిస్తే తీసేటప్పుడు కత్తెర పెట్టాలి, కత్తెర జారితే వైరు తెగుతుంది.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్నాను. వైర్లు కనిపించకూడదని సెట్ టాప్ బాక్స్‌ను పక్క గదిలోని అల్మారాలో పెట్టి 10 మీటర్ల హెచ్‌డీఎంఐ వైరు వేయించాను. ఎక్కువ స్పష్టతతో వచ్చే 4కె బొమ్మ పెట్టినప్పుడు తెర ఉన్నట్టుండి నల్లబడి మళ్లీ వస్తోంది. టీవీ పాడైందా?

జవాబు: టీవీని దుకాణానికి మోయకముందు ఒక పరీక్ష చేయండి. బాక్స్ సెట్టింగులలో బొమ్మ స్పష్టతను 4కె కంటే తక్కువైన 1080పికి తగ్గించి ఒక సాయంత్రం చూడండి. నల్లబడడం ఆగితే లోపం వైరు పొడవుదే. సెకనుకు 60 ఫ్రేముల 4కె బొమ్మకు సెకనుకు 18 గిగాబిట్ల సామర్థ్యం ఉన్న వైరు కావాలి. మామూలు రాగి వైర్లలో అంత వేగం 5 మీటర్లు దాటాక నమ్మకంగా అందదు. మీ ముందున్నవి రెండు దారులు. బాక్స్‌ను టీవీ దగ్గరికి తెచ్చి 2 మీటర్ల వైరు వేయడం ఒకటి, ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వైరు వేయడం రెండవది. ఆప్టికల్ వైరులో బాక్స్ వైపు కొస, టీవీ వైపు కొస వేరు వేరు. వాటిని తారుమారు చేస్తే బొమ్మే రాదు, కనుక పైపులోకి దూర్చేముందే కొసల మీద రాసి ఉన్నది చూసుకోండి. దాన్ని పదునుగా మడిస్తే లోపలి గాజు పోగు విరుగుతుంది. నా అభిప్రాయంలో మొదటి దారే మంచిది, అల్మారా తలుపు మూసి ఉంటే రిమోట్ కూడా పనిచేయదు, బాక్స్ వేడెక్కుతుంది.

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. తాతల నాటి రాతి గోడల ఇల్లు, మట్టితో కట్టింది. డిష్ వైరు కిటికీ సందులోంచి వస్తోంది, వాన కురిస్తే దాని వెంబడే నీళ్లు లోపలికి వస్తున్నాయి. గోడ కొట్టి వైరు దాచుకోవచ్చా?

జవాబు: అయ్యా, ఆ గోడకు గాడి కొట్టించకండి. మట్టి అతుకుల రాతి గోడలో ఉలి దెబ్బ ఎంత దూరం కదుపుతుందో చెప్పలేము, వానాకాలంలో చెమ్మ పట్టే గోడలో కరెంటు వైరు పాతడం ప్రమాదం. లోపల కేసింగ్ పట్టీయే మీకు తగినది. మట్టి అతుకులో దింపిన స్క్రూకు పట్టు ఉండదు కనుక టీవీని గోడకు బిగించే ఆలోచన మానుకొని బల్ల మీదనే ఉంచండి.

నీళ్ల సమస్యకు ఖర్చు లేదు. డిష్ నుంచి వచ్చే వైరును నేరుగా రంధ్రంలోకి పోనివ్వకుండా, రంధ్రం కంటే జానెడు కిందికి వేలాడదీసి మళ్లీ పైకి తెచ్చి లోపలికి పంపండి. నీటి చుక్క ఆ వంపు అడుగు దాకా జారి అక్కడే కింద పడుతుంది. కిటికీ చట్రంలో రంధ్రం వేస్తే అది బయటి వైపు కొద్దిగా వాలి ఉండాలి, చుట్టూ సిలికాన్ పెడితే చీమలకు కూడా దారి మూసుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మబ్బు కమ్మగానే, ఉరుములు మొదలవకముందే టీవీ ప్లగ్గుతోపాటు బాక్స్ వెనుక డిష్ వైరును కూడా విప్పండి. కప్పు మీది డిష్ దగ్గర పిడుగు పడితే స్విచ్ ఆపినా ఆ వైరు గుండా వచ్చేది ఆగదు. ఆ వైరు చేతికి అందేలా కేసింగ్ పట్టీ చివర ఒక అడుగు పొడవున మూత పెట్టకుండా వదిలేయండి.