తాతయ్య పద్మినిని బాగుచేస్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలిని బరంపురం నుంచి మావయ్య ఆశీర్వదించి రాయునది.

టెక్కలి ఇంటి షెడ్డులో ఉన్న తాతయ్య పాత ప్రీమియర్ పద్మిని కారును లారీ మీద పర్లాకిమిడి తెచ్చుకున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాను. సెలవు రోజుల్లో ఇంటి దగ్గరే, నీ చేతులతోనే బాగుచేసుకుంటానన్నావు. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఆ పని నీ వల్ల అవుతుంది. 1089 సీసీ ఇంజిను, ఒక కార్బొరేటర్, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, వెనక కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు). కంప్యూటర్ తగిలించి చూడాల్సిన భాగం అందులో ఒక్కటి కూడా లేదు. ఏది ఎందుకు పనిచేస్తుందో కంటికి కనిపిస్తుంది.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. బండిని ఒకేసారి మొత్తం ఊడదీయకు. ఇళ్లలో మొదలుపెట్టిన పాత కార్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. మొదటి ఉత్సాహంలో సీట్లు, తలుపులు, ఇంజిను, వైరింగు అన్నీ పీకేస్తారు. ఆ తర్వాత పెళ్లో, బదిలీయో, వానాకాలమో అడ్డం వస్తుంది. తిరిగి వచ్చేసరికి ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు. చివరికి తుక్కు కొనేవాడు వచ్చి పట్టుకుపోతాడు. ఈ బండికి ఆ గతి పట్టకూడదు. ఒక పని మొదలుపెట్టు, దాన్ని పూర్తిచేసి బిగించు, అప్పుడు రెండో పని ముట్టుకో. ఏ రోజైనా చక్రాల మీద నెట్టుకుని వాన పడని చోటికి చేర్చగలిగే స్థితిలో బండి ఉండాలి. తీసిన ప్రతి నట్టునూ దాని బోల్టుకే తిరిగి తగిలించు. విప్పే ముందు ఒక ఫొటో, విప్పిన తర్వాత ఒక ఫొటో తీసుకో.

స్పానరు పట్టే ముందు కాగితాలు చూడు. ఆర్‌సీ, అంటే రిజిస్ట్రేషన్ పత్రం, ఇంకా తాతయ్య పేరు మీదే ఉంది. యజమాని చనిపోయిన తర్వాత వారసుల పేరు మీదికి మార్చడానికి ఫారం 31 ఉంటుంది. మరణ ధ్రువపత్రంతో పాటు అమ్మ, పిన్ని, నేను ఇచ్చే అంగీకార పత్రాలు కావాలి. నా సంతకం ఎప్పుడు కావాలంటే అప్పుడు పెడతాను. బండి రిజిస్ట్రేషన్ శ్రీకాకుళంలో జరిగింది, నువ్వు ఉండేది ఒడిశాలోని గజపతి జిల్లాలో. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నమే అయినా చట్టం దృష్టిలో అది వేరే రాష్ట్రం. పన్నెండు నెలలకు మించి ఒడిశాలో ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి శ్రీకాకుళం రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తేవాలి. మొదటి పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలని తెలుసు కదా, ఆ గడువు ఎక్కడ ఆగిందో చూడు. మన బండి 1982 నాటిది. వింటేజ్ నంబరు యాభై ఏళ్లు దాటిన వాటికే ఇస్తారు కాబట్టి ఆ దారి ఇప్పుడు లేదు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి దాచు. రంగు గీకేవాడిని ఆ చోటు ముట్టనివ్వకు. ఆ అంకెలు అరిగిపోతే తనిఖీలో సమాధానం చెప్పుకోలేవు.

ఇక తుప్పు. అసలు పని అంతా ఇక్కడే ఉంది. పద్మినికి లారీకి ఉన్నట్టు విడి చాసిస్ ఉండదు. బాడీయే దాని ఎముక. తలుపుల కింద ముందు నుంచి వెనక దాకా పోయే బోలు రేకు, కాళ్ల కింది ఫ్లోరు రేకు, వెనక కమాను కట్టలు వేలాడే చోటు, బ్యాటరీ పళ్లెం, ఇవి గట్టిగా ఉంటే బండి బతుకుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు షెడ్డులో బురద నీళ్లు నిలిచాయి. నీళ్లు పోయినా ఆ బోలు భాగాల్లో ఒండ్రు ఉండిపోతుంది, ప్రతి వానాకాలం చెమ్మ పీల్చుకుంటూనే ఉంటుంది. ఫొటోల్లో పైరంగు బాగానే కనిపించింది, దాన్ని నమ్మకు. పాత స్క్రూడ్రైవరు తీసుకుని కింద పడుకుని రేకును గట్టిగా పొడుస్తూ పో. లోపలికి దిగిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టు. అయస్కాంతం పలుచని గుడ్డలో చుట్టి బాడీ అంతా తిప్పు. అది పట్టని చోట రేకు లేదు, లప్పం ఉంది. తలుపుల అడుగున నీళ్లు కారే రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి, వాటిని సన్న తీగతో తెరువు.

జాకీ మీద ఎత్తిన బండి కిందికి ఎప్పుడూ దూరకు తల్లీ. ఇనుప స్టాండ్లు నాలుగు కొను. డబ్బు తగ్గించుకోవాలంటే ఇంకెక్కడైనా తగ్గించుకో.

తలుపు కింది రేకు కోయాల్సి వస్తే గ్యాస్ వెల్డింగు మిస్త్రీని ఇంటికే పిలిపించు. కోసే ముందు తలుపు సందులో అడ్డంగా ఇనుప పైపు వెల్డు చేయించు. ఆ బలం లేకుండా కోస్తే బాడీ నడుము కుంగి, తర్వాత తలుపు పట్టదు. ఒకవైపు పూర్తయ్యి, తలుపు సాఫీగా పడ్డాక రెండోవైపు మొదలుపెట్టించు. కుళ్లిన రేకు మీద కొత్త రేకు అతికిస్తానంటే ఒప్పుకోకు, కుళ్లింది మొత్తం కోసి తీసేయమను. నీకు ఒడియా బాగా వచ్చు కాబట్టి పక్కన నిలబడి అడిగి చేయించుకోగలవు. పని జరిగినంత మేరకే డబ్బు ఇవ్వు. వెల్డింగుకు ముందు పెట్రోలు ట్యాంకు దింపి దూరంగా పెట్టాలి, బ్యాటరీ తీసేయాలి. ఈ రెండూ నువ్వే స్వయంగా చూసుకో. వెల్డింగు అయ్యాక బోలు భాగాల లోపల మైనం ఉన్న తుప్పు నిరోధక ద్రవం పిచికారీ చేయించు. వాడేసిన పాత ఇంజిన్ ఆయిలు పూస్తే చాలంటారు. అది రబ్బరు బుష్షులను తినేస్తుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది. వద్దు.

రంగు గురించి నీకు తొందరగా ఉందని తెలుసు. అది ఆఖరి పని. మన వైపు రథయాత్ర నుంచి దసరా దాకా గాలిలోనే నీళ్లుంటాయి, తుపానులు అక్టోబరు దాటినా వస్తాయి. చెమ్మ గాలిలో వేసిన రంగు పాలిపోతుంది, కింద తుప్పు మళ్లీ మొదలవుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో పొడి రోజు చూసి వేయించు. రేకు గీకిన రోజే ప్రైమరు పడాలి, ఒక్క రాత్రి వదిలినా ఎర్రబారుతుంది. వానాకాలం అంతా సీట్లు, డాష్‌బోర్డు, వైరింగు, కార్బొరేటరు లాంటి నీడపట్టు పనులకు ఉంచుకో. రంగు మారిస్తే ఆర్‌సీలో రాయించాలి. తాతయ్య ఎంచుకున్న లేత నీలమే ఉంచితే నాకు ఇష్టం, కానీ బండి నీది.

ఇంజిను కదలట్లేదని భయపడకు. తాళం తిప్పి స్టార్టరుతో లాగించే ప్రయత్నం మాత్రం చేయకు. నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండరులో కొద్దిగా పలుచని ఆయిలు పోసి కొన్ని రోజులు వదులు. తర్వాత ముందు పుల్లీ నట్టుకు స్పానరు వేసి మెల్లగా ముందుకూ వెనక్కీ ఊపు. తిరగడం మొదలయ్యాక పాత ఆయిలు మార్చు, అప్పుడు స్పార్కు చూడు. డిస్ట్రిబ్యూటరులోని కాంటాక్టు పాయింట్లను సన్న ఎమరీ కాగితంతో శుభ్రం చేసి, ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్న రేకులతో) సందు సరిచేయి. ఫైరింగు వరుస 1-3-4-2, వైర్లు తీసేటప్పుడే ఒక్కోదానికీ అంకె కట్టు. ట్యాంకులో పాత పెట్రోలు బంకలా గట్టిపడి ఉంటుంది, శుభ్రం చేసేదాకా చిన్న డబ్బా నుంచి గొట్టంతో పెట్రోలు ఇచ్చి నడిపి చూడు. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది ఆ కాలపు రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపులోని డయాఫ్రమ్ అనే పలుచని పొరను మెత్తబరుస్తుంది, గాలిలో చెమ్మను కూడా లాక్కుంటుంది. ఇథనాల్‌ను తట్టుకునే కొత్త గొట్టాలు వేయి. రేడియేటరులో బోరు నీళ్లు కాదు, కూలెంటు పోయాలి.

ఇంజిను శబ్దం విన్న సంతోషంలో బండిని వీధిలోకి తీయొద్దు. బ్రేకులు ఇంకా చూడలేదు కదా. ఆ కాలపు బండ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే బ్రేకు లైను ఉండేది. ఎక్కడ ఒక గొట్టం పగిలినా పెడలు మొత్తం నేలకు దిగిపోతుంది. అందుకే మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు, ఇనుప పైపులు అన్నీ ఒకేసారి కొత్తవి వేయించు. ఏదో ఒకటి బాగానే ఉంది కదా అని పాతది ఉంచకు. డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి పొడిని ఊదకు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడువు. బ్రేకు ఆయిలు రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడుగు.

భాగాలు దొరుకుతాయా అని అడిగావు. బొంబాయిలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు దాకా తిరిగాయి, కాబట్టి గ్యాస్కెట్లు, క్లచ్ ప్లేట్లు, బ్రేకు కిట్లు వెతికితే చిక్కుతాయి. బరంపురం ఉన్నది హౌరా–చెన్నై రైలు మార్గం మీదే. ఆ కొసన కోల్‌కతా మల్లిక్ బజారు, ఈ కొసన చెన్నై పుదుప్పేట, రెండూ పాత బండ్ల భాగాలకు పేరున్న చోట్లే. కొలత కోసం పాత భాగాన్ని చేతిలో పట్టుకుని వెళ్లాలి, మోడలు పేరు చెబితే సరిపోదు. దొరకనివి వేరే ఉన్నాయి: అద్దాల చుట్టూ రబ్బరు బీడింగులు, క్రోమ్ పట్టీలు, లైటు కప్పులు, తలుపు పిడులు. అవి విరిగినా, వంగినా పారేయకు. విరిగిన ముక్క చూసే లేత్ పనివాడు కొత్తది చేసిపెడతాడు.

మొదటి ప్రయాణాలు కాశీనగర్ వైపు, పగటిపూట, పక్కన ఒక మనిషి ఉండగా చేయి. ప్రతిసారీ దిగి నాలుగు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూడు. ఒకటి మిగతావాటికంటే ఎక్కువ వేడెక్కితే ఆ చక్రం పట్టేస్తోందని అర్థం. బరంపురం రావాలని నీకు ఉంటుంది, నాకూ ఉంది. మోహనా, తప్తపాణి ఘాట్ మీదుగా మాత్రం రావద్దు, ఆ దిగుడులో డ్రమ్ము బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. పాతపట్నం, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం మీదుగా జాతీయ రహదారి పట్టుకో. ఈలోగా బస్సు మీద వచ్చేటప్పుడు పాత మాస్టర్ సిలిండరు ఊడదీసి సంచిలో వేసుకుని రా. నా దగ్గర కిట్లు కొన్ని ఉన్నాయి, కొలిచి చూద్దాం.

మీ అమ్మను, నాన్నగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మావయ్య