మొదటి గిటార్ చేసే ముందు ఈ ముక్క విను

ఒరేయ్ అబ్బాయ్,

గిటార్ చేస్తానన్నావంట, సంతోషం. బల్లలు, స్టూళ్ళు చేసిన చెయ్యి నీది, చిత్రిక పట్టడం నీకు నేను చెప్పక్కర్లేదు. కాకపోతే బల్లకి రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా ఎవడికీ తెలీదు, గిటార్‌కి వస్తే చెవికి దొరికిపోద్ది.

నా మొదటిదానికి సౌండ్‌హోల్ (పైపలక మీది గుండ్రటి కన్నం) చుట్టూ ముక్కలు పొదుగుతూ వారాలు గడిపా, చూసినోళ్ళంతా భలే ఉందన్నారు, తీరా తీగలు బిగించాక పై ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) దగ్గర ఏ కార్డు (కలిపి మోగించే స్వరాలు) పట్టినా అపశ్రుతే. నట్ (మెడ పై కొసన తీగలు ఆనే పట్టీ) నుంచి 12వ ఫ్రెట్‌కి ఎంత దూరమో అక్కణ్ణుంచి సాడిల్‌కీ (డబ్బా మీద తీగలు ఆనే పట్టీ) సరిగ్గా అంతే పెట్టి, సాడిల్‌ని మోసే చెక్క ముక్క, అదే బ్రిడ్జ్, అతికించేశా, లెక్క ప్రకారం అదే కరెక్టు కదా మరి. కానీ తీగని నొక్కితే కాస్త సాగుద్ది, స్వరం పైకి పోద్ది, అందుకని సాడిల్‌ని వెనక్కి జరపాలి, సన్న తీగ వైపు సుమారు 2 మి.మీ., లావు తీగ వైపు 4-5. సాడిల్ ఏటవాలుగా ఉండేది ఇందుకేనంట, నేనేమో అన్నాళ్ళూ అందం కోసం అనుకున్నా!

ఫ్రెట్లకి స్కేల్ (నట్ నుంచి సాడిల్‌కి లెక్క ప్రకారం పొడవు) 650 మి.మీ. పెట్టుకున్నావనుకో, దాన్ని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ దూరం, మిగిలిన పొడవుని మళ్ళీ అదే అంకెతో, అలా పోవడమే. గుర్తులు మాత్రం అన్నీ నట్ నుంచే కొలిచి పెట్టు, ఫ్రెట్ నుంచి ఫ్రెట్‌కి కొలిస్తే చిన్న చిన్న తప్పులన్నీ పోగవుతాయి. 12వది 325 దగ్గర పడకపోతే రంపం ముట్టుకోకు.

పైపలక స్ప్రూస్ చెక్క అయితే 3 మి.మీ. లోపు చాలు, భయపడి మందంగా వదిలేస్తే డబ్బా మోగదు. అలాగని మరీ పల్చన చెయ్యకు, ఆరు స్టీల్ తీగలు కలిపి సుమారు 70 కేజీల బరువుతో లాగుతాయి. పక్కలకి ఖరీదైన చెక్క వద్దు, వేడి పైపు మీద వంచేటప్పుడు ఒకటైనా టప్పుమంటది, ఒక జత ఎక్స్‌ట్రా కోసి పెట్టుకో.

బ్రేసులు (పలకకి లోపలివైపు బలానికి పెట్టే కర్రలు) అతికించే రోజు గాల్లో తేమ 45 శాతం దగ్గర ఉండేలా చూడు. తేమకి చెక్క నారకి అడ్డంగా ఉబ్బుద్ది, పొడవునా దాదాపు కదలదు. ముసురులో అతికించావంటే ఎండలొచ్చాక పలక ముడుచుకోవాలని చూస్తది, అడ్డంగా ఉన్న బ్రేసు ముడుచుకోనివ్వదు, ఇంకేముంది, బీట.

బ్రిడ్జ్ అతికించే రోజు జిగురు సీసా తెరవకముందే నాకు ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి ఇంకోసారి కొలుద్దాం.

మీ బాబాయ్