సోంపు కషాయం కడుపుబ్బరానికి పనిచేస్తుందా? పసిపిల్లలకు పట్టవచ్చా?

భోజనం తరువాత వచ్చే కడుపుబ్బరానికి సోంపు కషాయం నిజంగా పనిచేస్తుందా, ఎంత తాగాలి, మీ అమ్మగారు చెప్పినట్టు నాలుగు నెలల పాపకు కూడా పట్టవచ్చా అని అడిగారు. ఉబ్బరానికి కొంతవరకు పనిచేస్తుంది. పాపకు మాత్రం పట్టవద్దు. నేను వైద్యుణ్ణి కాను, పదేళ్ళుగా ఈ కషాయం తాగుతూ అందులో చేయదగిన పొరపాట్లన్నీ చేసినవాణ్ణి.

ముందు పేర్ల చిక్కు విప్పుకోవాలి. మన కిరాణా కొట్లలో సోపు, సోంపు, పెద్ద జీలకర్ర అని అమ్మేది ఒకే గింజ. ఆయుర్వేదంలో దీనిని మిశ్రేయ అంటారు. శతపుష్ప అన్నప్పుడు సాధారణంగా సోయకూర గింజ అని అర్థం. రెండూ వాము, కొత్తిమీరల కుటుంబానికే చెందినవి కావడంతో ఒకదాని గుణాలను మరొకదానికి అంటగట్టి రాయడం తరచుగా కనిపిస్తుంది.

తెనాలిలో మా అమ్మమ్మ సోంపును ఏ పూటకు ఆ పూట చిన్న రోట్లో కచ్చాపచ్చాగా దంచి, గ్లాసులో వేసి, మరిగిన నీళ్ళు పోసి, పైన పళ్ళెం మూసేది. నేను ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చిన కొత్తలో ఆ పళ్ళెం సంగతి మరచి, దంచని గింజలను మూత లేని గిన్నెలో పావుగంట మరిగించేవాణ్ణి. వంటిల్లంతా ఘుమఘుమలాడేది, కషాయం మాత్రం చప్పగా ఉండేది. కారణం తరువాత తెలిసింది. సోంపు గింజను చీల్చి భూతద్దంలో చూస్తే ఒక్కో బద్ద మీద అయిదేసి గట్లు కనిపిస్తాయి. ఆ గట్ల మధ్య, పైపొర కింద, సన్నని గొట్టాలలో నూనె దాగి ఉంటుంది. తియ్యని వాసననిచ్చే అనెథోల్ అందులోదే. దంచకపోతే ఆ నూనె నీళ్ళలోకి సరిగా దిగదు, మూత లేకుండా మరిగిస్తే ఆవిరితో పాటే వెళ్ళిపోతుంది. మా వంటింటి గోడలు తాగిన మందు నేను తాగలేదన్నమాట.

మోతాదు విషయంలో నేను యూరోపియన్ ఔషధ సంస్థ సూచననే పాటిస్తున్నాను: పెద్దవాళ్ళు 1.5 నుంచి 2.5 గ్రాముల గింజలను దంచి, 250 మిల్లీలీటర్ల మరిగిన నీటిలో 15 నిమిషాలు నానబెట్టి, వడకట్టి, రోజుకు మూడుసార్లు తాగవచ్చు. రెండు వారాలకు మించి అవసరమైతే వైద్యుణ్ణి అడగాలి. చిన్న చెంచాడు గింజలు సుమారు 2 గ్రాములు తూగుతాయి. ఆ సంస్థ దీనిని తేలికపాటి కడుపునొప్పికి, ఉబ్బరానికి, నెలసరి నొప్పికి, జలుబుతో వచ్చే దగ్గులో కఫం తెగడానికి అంగీకరించింది. అయితే ఆ అంగీకారానికి ఆధారం చిరకాలంగా ఉన్న వాడుకే తప్ప గట్టి ప్రయోగ ఫలితాలు కావని గుర్తుంచుకోవాలి. నా వరకు, పప్పూ వేపుళ్ళూ దట్టించిన రోజున తాగితే అరగంటలో రెండు త్రేన్పులు వచ్చి పొట్ట తేలికపడుతుంది. గుండెలో మంటకు మాత్రం నాకు ఏనాడూ పనిచేయలేదు. హోటల్లో బిల్లుతో పాటు ఇచ్చే రంగు రంగుల సోంపును ఈ లెక్కలో వేయకండి, అది చాలావరకు చక్కెరే.

ఇక పాప సంగతి. మా పెద్దమ్మాయి రెండో నెలలో రోజూ సాయంత్రం ఏడుపు లంకించుకునేది. సోంపు నీళ్ళు పడదామని, తన పిల్లలందరికీ పట్టానని, ఎవరికీ ఏమీ కాలేదని మా అత్తగారు పట్టుబట్టారు. పిల్లల డాక్టరు ఒప్పుకోలేదు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కర్లేదన్నారు. దానికి తోడు సోంపు నూనెలో ఎస్ట్రగోల్ అనే పదార్థం ఉంటుంది. పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు ఎలుకల జాతి జంతువులలో అది కాలేయ కణితులు కలిగించింది కనుక, నాలుగేళ్ళలోపు పిల్లలకు సోంపు కషాయం సిఫారసు చేయడం లేదు. నాలుగో నెల వచ్చేసరికి మా అమ్మాయి ఏడుపు దానంతట అదే తగ్గింది. కషాయం పట్టి ఉంటే ఆ ఘనత సోంపుకే దక్కేది. గ్రైప్ వాటర్‌లో సోంపే కదా అని కొందరు వాదిస్తారు. 1851లో ఇంగ్లండులో ఉడ్వర్డ్ తయారుచేసిన దానిలో ఉన్నది సోయకూర గింజల నూనె, దానితో పాటు ఆల్కహాలు కూడా.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూరలో, పోపులో వాడుకోవడం వేరు, మందుగా రోజూ తాగడం వేరు. రెండోది డాక్టరును అడగకుండా చేయవద్దు. వాముకో ధనియాలకో ఒంటికి దద్దుర్లు వచ్చేవారు దీని జోలికి పోకపోవడమే మేలు.

నేను చేసిన పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. ఒక ఏడాది వేసవిలో కుడి పక్కటెముకల కింద నొప్పి వచ్చి వీపులోకి పాకుతుంటే గ్యాసే అనుకొని మూడు నెలలు సోంపు కషాయం తాగుతూ కూర్చున్నాను. తాగినప్పుడల్లా త్రేన్పు వచ్చేది, దానితో నా నమ్మకం బలపడేది, నొప్పి మాత్రం మళ్ళీ వచ్చేది. చివరికి ఒక రాత్రి వాంతులతో ఆసుపత్రికి వెళితే స్కానింగులో పిత్తాశయం నిండా రాళ్ళు కనిపించాయి. మీ ఉబ్బరంతో పాటు అలాంటి నొప్పి గాని, బరువు తగ్గడం గాని, మలం నల్లగా రావడం గాని ఉంటే కషాయం పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరకు వెళ్ళండి.