మందు ఆపకు తల్లీ, కొనే చోటు మార్చుకో

అమ్మా లావణ్యా,

తమ్ముడి ఉద్యోగంతో పాటు కంపెనీ ఇన్సూరెన్స్ కూడా పోయిందని, డబ్బు చాలక వాడు మాత్రలు రోజు మార్చి రోజు వేసుకుంటున్నాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముందు ఆ పద్ధతి మాన్పించు. వాడిది బైపోలార్, అంటే మనసు కొన్నాళ్లు అతి హుషారుగా, కొన్నాళ్లు తీవ్రమైన దిగులుగా మారిపోయే జబ్బు. బైపోలార్‌కి ఇచ్చే మందులు తలనొప్పి మాత్రల్లా దాచుకుని వాడేవి కావు. వాటిలో లిథియం అనే మందు ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. అప్పుడు అడ్మిట్ చేయాల్సి వస్తే అయ్యే ఖర్చు ముందు ఈ మాత్రల ఖర్చు ఏపాటిది? మీ పెదనాన్నకి ఇన్నేళ్లుగా మందులు తెచ్చిపెడుతున్నదాన్ని కాబట్టి నాకు తెలిసినంతా రాస్తున్నాను.

ఇన్సూరెన్స్ పోయిందని మరీ బెంగ పెట్టుకోకు. మానసిక జబ్బులకు కూడా మిగతా జబ్బులతో సమానంగా పాలసీ ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది, నిజమే. కానీ మన దగ్గర చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. నెలనెలా కొనే మాత్రలకు రూపాయి రాదు. పాలసీ ఉన్నవాళ్లు కూడా మాత్రల డబ్బు జేబులోంచే పెట్టుకుంటారు.

అందుకని మన విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లు. ఆ పేరు వినగానే మీ అమ్మ కంగారు పడుతుంది, నాకు తెలుసు. నలుగురూ చూస్తే పిల్లాడి పెళ్లి ఏమవుతుందనేది ఆవిడ టెన్షన్. ఆవిడకి నెమ్మదిగా చెప్పు. అది ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధ ఆస్పత్రి, డాక్టరీ చదివే పిల్లలకు సైకియాట్రీ నేర్పే ప్రొఫెసర్లే అక్కడ చూస్తారు. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి జనం తెల్లవారకుండా బయల్దేరి వస్తారు. ఊళ్లోనే ఉండి మనం మొహమాటపడితే ఎలా? అక్కడ కాదంటే ప్రభుత్వ పెద్దాస్పత్రి కేజీహెచ్‌లో కూడా సైకియాట్రీ ఓపీ ఉంది, మిగతా విభాగాల మధ్యలోనే కాబట్టి ఎవరూ ప్రత్యేకంగా చూడరు.

ఉదయాన్నే వెళ్లండి. ఆధార్, పాత ఓపీ చీటీలు, ప్రైవేటు డాక్టరుగారు రాసిన మందుల చీటీ, రక్త పరీక్షల రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న స్ట్రిప్పులు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. పాత కాగితాలు లేకపోతే అక్కడ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు, కుదిరిన మందు మారిపోయే అవకాశం ఉంది. డాక్టరుగారితో దాపరికం వద్దు. "ఉద్యోగం పోయింది సార్, బయట కొనలేకపోతున్నాం, ఇక్కడ దొరికే మందే రాయండి" అని చెప్పు. సిగ్గుపడాల్సిన మాట కాదది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న మానసిక వైద్యపు మందులు ఉచితంగా ఇవ్వాలని ఆ 2017 చట్టమే చెబుతోంది. అది మన హక్కు. ఏదైనా మందు ఆ రోజు స్టాక్ లేదంటే గొడవ పడకు. మిగతావి తీసుకుని, ఆ ఒక్కటి బయట కొనుక్కునేలా చీటీ రాయించుకో. బస్సు ఖర్చు గురించి కూడా ఆలోచించకు, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు సిటీ బస్సు ఉచితమే కదా, వాడి ఒక్కడికే టికెట్.

ఇప్పుడు బయట కొనే సంగతి. చీటీలో బ్రాండ్ పేరు ఉంటే షాపువాడు ఆ కంపెనీదే ఇస్తాడు. అందుకని అసలు మందు పేరు, అంటే సాల్ట్ పేరు, ఎన్ని మిల్లీగ్రాములో స్పష్టంగా రాయమని డాక్టరుగారిని అడుగు. ఆ చీటీతో జన ఔషధి కేంద్రానికి, అంటే బ్రాండ్ పేరు లేని జెనరిక్ మందులు చవగ్గా అమ్మే ప్రభుత్వ పథకపు షాపుకి వెళ్లు. అక్కడి ధరలు బ్రాండెడ్ మందులకంటే సగం నుంచి 80 శాతం దాకా తక్కువని ప్రభుత్వం చెబుతుంది, మా అనుభవంలో కూడా తేడా బాగానే కనిపించింది. జన ఔషధి సుగమ్ అనే యాప్‌లో మందు పేరు కొడితే ధర తెలుస్తుంది, దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో కూడా చూపిస్తుంది. మామూలు షాపులో "జెనరిక్కేనమ్మా" అని ఇచ్చేదానిమీద కూడా ఎమ్మార్పీ ఎక్కువే వేసి ఉండొచ్చు. కాబట్టి కొనేముందు నాలుగు చోట్ల అడుగు. లిథియం, రిస్పెరిడోన్, క్లోజపిన్, వాల్ప్రోయేట్, ఎస్సిటలోప్రామ్ లాంటివి జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి, వాటి గరిష్ఠ ధర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది.

అయితే కంపెనీ మార్చేటప్పుడు కొన్నిచోట్ల జాగ్రత్త కావాలి. పేరు పక్కన సీఆర్ అనో ఎస్సార్ అనో ఉంటే అది నెమ్మదిగా కరిగే మాత్ర. దాని బదులు మామూలు మాత్ర తెచ్చుకోకూడదు, విరిచి కూడా వేసుకోకూడదు. రెండు మందులు కలిపిన మాత్ర అయితే రెండు పేర్లూ సరిచూసుకో. లిథియం విషయంలో మాత్రం కంపెనీ మారిస్తే తప్పకుండా డాక్టరుగారికి చెప్పాలి, రక్తంలో దాని మోతాదు మళ్లీ పరీక్ష చేయిస్తారు. ఆ పరీక్షలు, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు కూడా ప్రభుత్వ ఆస్పత్రిలోనే చేయించుకోవచ్చేమో అడుగు, బయట ల్యాబుల్లో మాత్రలకంటే వాటికే ఎక్కువ అవుతుంది. వాడికి వాంతులో విరేచనాలో పట్టుకున్నా, చేతులు బాగా వణుకుతున్నా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లు. ఒళ్లు నొప్పులని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అడక్కుండా వేసుకోనివ్వకు, లిథియంతో పడవు.

ఎవరో మిగిలిన మాత్రలు ఇస్తామంటారు. వద్దు. చీటీ లేకుండా ఆన్‌లైన్లో తెప్పించడం కూడా వద్దు. నిద్ర పట్టడం లేదని ఆల్ప్రజోలామ్ అడిగి తెచ్చుకునేవాళ్లు ఉంటారు, అది అలవాటైపోయే మందు. మన సముద్రపు గాలికి మాత్రలు చెమ్మగిల్లుతాయి, స్ట్రిప్పులోంచి తీసి డబ్బాలో పోసి పెట్టకు.

జబ్బు దీర్ఘకాలం ఉండి, వైకల్యం 40 శాతం దాటిందని మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తే పింఛను వచ్చే వీలుంది, మన రాష్ట్రంలో వికలాంగులకు నెలకు 6,000 రూపాయలు ఇస్తున్నారు. తమ్ముడిది అంతవరకు వస్తుందో లేదో డాక్టరుగారే చెప్పాలి. ఇప్పుడే దానిమీద ఆశ పెట్టుకోకు.

రాత్రివేళ వాడికి మనసు బాగా లేకపోయినా, నీకే ఏం చేయాలో తోచకపోయినా 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోతాననే మాట వాడి నోట వస్తే మాత్రం ఫోన్‌తో ఊరుకోకు, ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లు.

ఇంట్లో ఎన్ని మాత్రలు మిగిలాయో ఇప్పుడే లెక్కపెట్టు. ఆస్పత్రికి వెళ్లేలోపు అయిపోయేలా ఉంటే చెప్పు, ఈ నెలకి నేను కొనిస్తాను, సంకోచం పెట్టుకోకు. స్ట్రిప్పులు రెండు వైపులా ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. జన ఔషధిలో ఏవేవి దొరుకుతాయో ఇవాళ సాయంత్రమే చూసి చెబుతాను.

ప్రేమతో,
మీ దొడ్డమ్మ