జార్ సంతకం పక్కన ఇంకో సంతకం

ప్రశ్న: రష్యా చివరి చక్రవర్తి రెండో నికొలస్ గద్దె దిగుతూ సంతకం చేసిన కాగితం ఫోటో ఈమధ్య చూశానండీ. పక్కన ఇంకొకరి సంతకం కూడా ఉంది. ఆయనెవరు? విప్లవం రాగానే నగానట్రా మూటగట్టుకుని పారిస్ పారిపోయిన జమీందార్లలో ఈయనా ఒకరేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదండీ, ఈయన పారిపోలేదు. అందుకే ఈ ప్రశ్నకి కాస్త వివరంగా రాయాలనిపించింది.

ఆ సంతకం కౌంట్ వ్లాదిమిర్ ఫ్రెడెరిక్స్‌ది. 1897 నుంచి 1917 దాకా రాజదర్బారు మంత్రి. మంత్రి అన్నాను కదా అని రాజకీయాలు అనుకోకండి. ప్యాలెస్‌లు, గుర్రపుశాలలు, రాజకుటుంబం భూములు, ఆఖరికి మాస్కోలో బొల్షోయ్, పీటర్స్‌బర్గ్‌లో మారిన్‌స్కీ లాంటి థియేటర్ల ఖర్చులు కూడా ఆ శాఖ కిందికే వచ్చేవి. చక్రవర్తి దంపతులు ఈయన్ని ఇంట్లో మనిషిలాగే చూసేవారు, తమలో తాము 'మా ముసలాయన' అని చెప్పుకునేవారు.

ఇక ఆ కాగితం సంగతి. 1917 మార్చి 2 రాత్రి (ఇప్పటి క్యాలెండర్ ప్రకారం మార్చి 15), ప్స్కోవ్ స్టేషన్‌లో ఆగి ఉన్న రైల్లో, టైపు చేసిన షీటు మీద నికొలస్ పెన్సిల్‌తో సంతకం పెట్టాడు, దాన్ని ధ్రువీకరిస్తూ ఫ్రెడెరిక్స్ ఇంకుతో పెట్టారు. అప్పటికి ఆయనకి 78 ఏళ్లు, మతిమరుపు బాగా ముదిరింది. పైగా పెట్రోగ్రాడ్‌లో (పీటర్స్‌బర్గ్‌కి అప్పటి పేరు, అదే రాజధాని) పోచ్తామ్త్‌స్కాయ వీధిలోని ఆయన ఇంటిని జనం తగలబెట్టేశారు, భార్య ఏమో మంచం పట్టి ఉంది. ఆ టెన్షన్‌లో ఆ మనిషి చెయ్యి ఎలా ఆడిందో అని నేను చాలాసార్లు అనుకుంటాను. ఇల్లు ఎందుకు కాల్చారంటే, జర్మనీతో యుద్ధం నడుస్తున్న రోజులు, ఈయన పేరేమో జర్మన్ పేరులా వినిపిస్తుంది. నిజానికి వీళ్ల పూర్వీకుడు స్వీడన్ సైన్యంలో ఉండి రష్యన్లకి ఖైదీగా దొరికి, ఇక్కడే స్థిరపడినవాడు. కోపంతో ఉన్న గుంపుకి ఇదంతా ఎవరు చెప్తారు?

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆయన్ని గోమెల్‌లో అరెస్టు చేసి రాజధానికి తెచ్చారు, విచారణ సంఘం ముందు కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. చివరికి వదిలేశారు.

మీరడిగిన అసలు విషయం ఇక్కడుంది. బోల్షివిక్కులు వచ్చాక చాలామంది దొరలు క్రిమియా ఓడలెక్కారు, ఫిన్లాండ్ సరిహద్దు దాటారు, నిజమే. ఫ్రెడెరిక్స్ మాత్రం పెట్రోగ్రాడ్‌లోనే ఉండిపోయారు, పదవీ ఆస్తీ రెండూ పోయిన ముసలివాడిగా. 1919లో భార్య కూడా పోయింది. 1920ల మధ్యలో సోవియట్ ప్రభుత్వాన్నే అనుమతి అడిగి, వాళ్లు ఇచ్చాకే ఫిన్లాండ్ వెళ్లారు. రాజుకి అంత దగ్గరివాడిని కొత్త ప్రభుత్వం చంపకుండా ఎందుకు వదిలిందని మీకు డౌట్ రావచ్చు. నాకు తోచింది చెప్తాను: ఎనభై దాటి, ఏదీ సరిగ్గా గుర్తులేని మనిషి వల్ల ఎవరికీ ప్రమాదం లేదు.

హెల్సింకి పక్కనే కౌనియాయినెన్ అని చిన్న ఊరు, అప్పట్లో స్వీడిష్ మాట్లాడేవాళ్లు ఎక్కువ, స్వీడిష్‌లో దాన్ని గ్రాన్‌కుల్లా అంటారు. అక్కడే 1927 జులై 1న కన్నుమూశారు, 88 ఏళ్ల వయసులో.

ఆయన అల్లుడి గురించి కూడా ఒక మాట. పేరు వ్లాదిమిర్ వొయేకోవ్, ప్యాలెస్ కమాండెంట్, అంటే చక్రవర్తి భద్రత చూసే అధికారి, ఆ రాత్రి ప్స్కోవ్ రైల్లో ఆయనా ఉన్నాడు. పెన్జా ప్రాంతంలో తన ఎస్టేట్‌లో దొరికే ఊటనీళ్లని 'కువాకా' పేరుతో సీసాల్లో నింపి అమ్మిన వ్యాపారి కూడా ఆయనే. ఈయన మాత్రం అనుమతుల కోసం ఆగలేదు, తప్పించుకుని ఫిన్లాండ్ చేరి, ఆ తర్వాత స్వీడన్‌కి మారి 1947లో అక్కడే పోయాడు.