కర్రీ పాయింట్ పెట్టే ముందు రెండు పేజీలు రాయి

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

కాకినాడలో జేఎన్‌టీయూ దగ్గర కర్రీ పాయింట్ పెడతానన్నావు, చాలా సంతోషం. లోన్ కోసం ప్రాజెక్ట్ రిపోర్ట్ రాసిపెట్టే మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగావు. ఉన్నారు. కానీ ముందు నువ్వే రాయాలి తల్లీ. బ్యాంకులో లోన్ల సీటులో ఉన్నన్నాళ్లూ డబ్బిచ్చి రాయించుకొచ్చిన రిపోర్టులు చాలా చూశాను. టైలరింగ్ షాపుకూ టిఫిన్ సెంటరుకూ అవే అంకెలు, అదే లాభం. "రోజుకు ఎంత అమ్మితే నష్టం రాదు?" అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండేది కాదు. ఆ ఒక్క అంకె దొరికితే ప్లాన్‌లో పెద్ద పని అయిపోయినట్టే. నోటుబుక్కులో రెండు పేజీలు చాలు, తెలుగులోనే రాయి.

మొదట కొనేదెవరో రాయి. "అందరూ" అని మాత్రం రాయకు. రూముల్లో ఉంటూ కుక్కర్లో అన్నం పెట్టుకుని కూర కొనుక్కునే కుర్రాళ్లు ఒక రకం, వాళ్లు ధర చూస్తారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లవాళ్లు సాయంత్రం ఏడు దాటాక వస్తారు, అప్పటికి కూర వేడిగా ఉండాలి. పిల్లలు దూరంగా ఉన్న పెద్దవాళ్లకు నూనె, కారం తక్కువ కావాలి. వీళ్లలో నీ వీధిలో ఎవరు ఎక్కువో కూర్చుని ఊహిస్తే తెలియదు. అక్కడ ఇప్పటికే ఉన్న కర్రీ పాయింట్లకు ఎదురుగా మధ్యాహ్నం, రాత్రి నిలబడు. మామూలు రోజు ఒకసారి, ఆదివారం ఒకసారి. ఎంతమంది కవర్లతో వెళ్తున్నారో లెక్కపెట్టు. ఏ కూర ముందు అయిపోతోందో చూడు.

ఇప్పుడు లెక్క. నేను వేసేవి ఉజ్జాయింపు అంకెలు, నువ్వు అక్కడి రేట్లు కనుక్కుని మార్చుకో. నెలకు అద్దె 10,000, వంటమనిషికి 15,000, సాయానికి ఉండే ఆవిడకు 9,000, కరెంటు, నీళ్లకు 3,000, లోన్ వాయిదా 4,000. మొత్తం 41,000. దీనికి నీ జీతం 15,000 కలుపు. ఇది చాలామంది రాయరు. పొద్దున అయిదింటికి లేచి పొయ్యి దగ్గర నిలబడే మనిషి కష్టానికి విలువ కట్టకపోతే నష్టం కూడా లాభంలా కనిపిస్తుంది. అలా 56,000 అయింది.

ప్యాకెట్ సగటున 30 రూపాయలు, సరుకులు, గ్యాస్, కవర్లు కలిపి 18 అనుకో. 12 మిగులుతుంది. నెలకు 26 రోజులు తెరిస్తే రోజుకు 180 ప్యాకెట్లు అమ్మితే చాలు అనిపిస్తుంది. కానీ వండిందంతా అమ్ముడవదు కదా. వందలో పది మిగిలిపోయాయనుకో. అమ్మిన 90కి వచ్చేది 2,700, వందకూ పెట్టిన ఖర్చు 1,800. అంటే అమ్మిన ప్యాకెట్‌కు నీకు దక్కేది పది రూపాయలే. ఇప్పుడు రోజుకు 216 అమ్మాలి! ఆ పది ప్యాకెట్లే రోజుకు 36 ప్యాకెట్ల అదనపు అమ్మకాన్ని నీ నెత్తిన పెట్టాయి. అందుకే మొదట్లో పదిహేను రకాలు వద్దు. ఒక పప్పు, రెండు వేపుళ్లు, ఒక పులుసు, సాంబారు, పెరుగు చాలు. నిన్నటి కూర ఇవాళ వేడిచేసి అమ్మే ఆలోచన మాత్రం ఎప్పుడూ రానివ్వకు.

ఇంకో సంగతి. రోజుకు 216 అంటే ఏడాదికి అమ్మకం 20 లక్షలు దాటుతుంది. హోటల్ వ్యాపారానికి జీఎస్టీ నమోదు హద్దు అదే. 5 శాతం పన్ను 30 రూపాయల్లోంచే కట్టాలంటే ప్యాకెట్‌కు దాదాపు రూపాయిన్నర ఆ పదిలోంచే పోతుంది. ధర పెట్టేముందే ఆడిటర్‌ను అడిగి రాసుకో.

రెండో పేజీలో పన్నెండు నెలలూ గీసుకో. సెలవులకు కుర్రాళ్లు ఊళ్లకు పోతారు. కార్తీకంలో చికెన్ కూర కదలదు, శాకాహారం పెరుగుతుంది. టమాటా, ఉల్లి రేట్లు ఒక్కసారిగా ఎగురుతాయి. హోటళ్ల గ్యాస్ బండ రేటు మారుతూనే ఉంటుంది. ఖర్చు తప్పించుకుందామని ఇంటి బండ వాడకు, అది నేరం. ఇలాంటి నెలలు దాటడానికి నీ జీతం కాకుండా మూడు నెలల ఖర్చు, అంటే 1,23,000 విడిగా పెట్టుకో. బోర్డుకూ, రంగులకూ, గ్లాసు కౌంటరుకూ అంతా పోసేసి, రెండో నెల అద్దెకు వెతుక్కున్నవాళ్లను చూసి చెబుతున్నాను.

ఇక అప్పు సంగతి. చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్ర లోన్లలో శిశు రకం 50,000 వరకు, ఆపైన 5 లక్షల వరకు కిశోర్. తాకట్టు అడగరు. ఉద్యమ్ నమోదు, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర పేరు రాయించుకోవడం, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ డబ్బివ్వకు. ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి లేకుండా మాత్రం పొయ్యి వెలిగించకు. మేనేజరు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ రెండు పేజీలూ పట్టుకెళ్లు. ఏ అంకె ఎక్కడినుంచి వచ్చిందో నువ్వే చెప్పగలిగితే ఆయన నీ మాట శ్రద్ధగా వింటాడు.

అరువు గురించీ ఒక లైను రాసుకో: ఇస్తావా, ఇవ్వవా, ఎంతవరకు. ఆఫీసులవాళ్లు నెలాఖరుకు ఇస్తామంటారు, నీకు కూరగాయలవాడు పొద్దున్నే అడుగుతాడు.

షాపు ఓనరు అడ్వాన్స్ కోసం తొందర పెడుతున్నాడని మీ అమ్మ చెప్పింది. వచ్చే ఆదివారం లెక్క కూడా పూర్తయ్యేదాకా ఒక్క రూపాయి ఇవ్వొద్దు. అక్కడ రోజుకు 216 ప్యాకెట్లు కొనే జనం లేరనిపిస్తే వేరే వీధి చూద్దాం. రాసిన పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, రాత్రికి చూసి ఫోన్ చేస్తాను.

మీ పెదనాన్న